మా అమ్మ నోట ఆ పేరు

"అమ్మమ్మగారూ, ఇందాక ఓటేసే దగ్గర ఆవిడ మీ పేరూ అడ్రసూ పైకి చెప్పమంటే అంత నవ్వొచ్చిందేంటి మీకు?"

అదా. మా అమ్మ గుర్తొచ్చిందమ్మాయ్. నువ్వు రోడ్డు చూసి డ్రైవ్ చెయ్యి, చెబుతాను. సిటిజన్‌షిప్ వచ్చాక నాకిదే మొదటి ఓటు కదా, మా వాడికి ఆఫీసు, పాపం నువ్వే క్లాసు మానుకుని తీసుకొచ్చావు. మా ఇంట్లో రూమ్ తీసుకున్నందుకు నీకు ఇదొక పని.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. కాదు, తొమ్మిది. తెల్లవాళ్ళ రోజులు. ఢిల్లీలో సభ ఒకటుండేది, దానికి ఎలక్షన్లు. ఇప్పట్లా అందరికీ ఓటెక్కడిదీ? భూమిశిస్తు బాగా కట్టేవాళ్ళకే. మా తాతగారు అమ్మకి పసుపుకుంకాల కింద మాగాణి రాసిచ్చారు. ఆ పొలంలో పండిన బియ్యం వండితే వీధి చివరికి వాసనొచ్చేది, ఇక్కడి బాస్మతి ఎందుకూ... ఏం చెబుతున్నాను? ఆఁ, శిస్తు అమ్మ పేరున ఉంది గనక ఓటూ అమ్మకే. నాన్నకి లేదు, చూశావా. ఊళ్ళో అందరూ ఆయన్ని ఆటపట్టించేవారు. ఆయనకి మాత్రం ఒకటే సంబరం.

గూడుబండి కట్టించుకుని తాలూకా కచేరీకి వెళ్ళాం. గుమస్తా అమ్మ పేరడిగాడు, చెప్పింది. భర్త పేరడిగాడు. అంతే, తల దించేసుకుంది. మొగుడి పేరు పలికితే ఆయనకి ఆయుష్షు తగ్గుతుందనేవారు కదా అప్పట్లో. చివరికి, ఏడుకొండలవాడి పేరండీ అంది. ఆయనకి బోలెడు పేర్లున్నాయి, అందులో ఏదో చెప్పాలమ్మా అన్నాడతను. నాన్న కిటికీలోంచి తన పేరు తనే అరిచాడు. ఓటు ఆవిడది, ఆవిడే చెప్పాలన్నారు. అక్కడున్న మగాళ్ళంతా ముసిముసి నవ్వులు. అమ్మ ఇంక ఓటూ వద్దు ఏమీ వద్దని నా చెయ్యి పట్టుకుని బయటికొచ్చేసింది. కళ్ళనిండా నీళ్ళు. ఎన్నాళ్ళనుంచో ఎదురుచూసింది మరి.

గుమ్మం దగ్గర నాన్న ఆపాడు. "గుండ్రాయిలా ఉన్నానే నేను. నాకేం కాదు. వెళ్ళి చెప్పు."

మళ్ళీ లోపలికెళ్ళి, కళ్ళు గట్టిగా మూసుకుని, "వెంకటేశ్వర్లు" అంది. అమ్మ నోట ఆ పేరు వినడం నాకదే మొదలు. అప్పుడిచ్చారు కాగితం. ఎవరికి వేసిందో నాన్నక్కూడా చెప్పలేదు సుమా.

ఆ తర్వాత నెల్లాళ్ళు బెంగే. నాన్న తుమ్మితే చాలు, దేవుడి ముందు దీపం పెట్టేది. ఆయనేమో తొంభై దాటి బతికాడమ్మా, ఆ చివరేళ్ళలో ఆవిణ్ణి బతిమాలుకునేవాడు, ఏదీ, ఇంకొక్కసారి పిలువూ అని...

నిన్న నువ్వు ఫోన్లో మీ ఆయన్ని ఒరేయ్ కిరణ్ అని కేకేస్తున్నావు, విన్నాలే. సిగ్గెందుకు? అలాగే పిలుచుకో తల్లీ. నిండు నూరేళ్ళూ నువ్వు పిలుస్తూ ఉండు, అతను పలుకుతూ ఉంటాడు.