ముప్పై ఒక్కేళ్ల వాడుక

జాగ్రెబ్ నగరం, డోలాట్స్ సంత చౌకు. జూన్ నెల, శనివారం పొద్దున. జున్నూ మీగడా అమ్మే ఆడవాళ్ల వరసలో, బారిత్స తన బల్ల వదిలి వచ్చి, స్లావిత్స బల్ల ముందు ల్యెర్కాకు అడ్డంగా నిలబడింది.

"అడ్డు తప్పుకోవే, బారిత్సా. అందరూ చూస్తున్నారు."

"చూడనీండి. చూడాలనే నిలబడ్డా. ఏం ల్యెర్కా అమ్మగారూ, ముప్పై ఒక్కేళ్లు శనివారం శనివారం నా బల్ల దగ్గరే కదా కొన్నారు? ఇప్పుడు నా మొహం చూడ్డానికి కూడా మనసు రావట్లేదా?"

"నాకు పనుంది."

"నాకు లేదు. మీ పుణ్యమా అని పొద్దుట్నుంచీ ఖాళీగానే ఉన్నా."

"ఎవరి దగ్గర కొనుక్కోవాలో నా ఇష్టం."

"ఎప్పట్నుంచీ? మీరీ ఊళ్లో పుట్టినవారే కదా! ఇక్కడ ఒక్కో ఇంటికి వాడుక జున్నావిడ ఒకర్తే. మీ అత్తగారు మా అమ్మ దగ్గర కొంది, మీరు నా దగ్గర కొన్నారు. మొగుణ్ణి మార్చినా ఊరేమీ అనదు గానీ, జున్నావిణ్ణి మారిస్తే మాత్రం ఆ జున్నులో పురుగు పడిందనే లెక్క. మీ మేడ మీద వాళ్లూ అదే అనుకున్నారు. ఏడిళ్లమ్మా! ఏడిళ్లూ మీ వెనకే పోయాయి."

"నేనెవరికీ ఏమీ చెప్పలేదు."

"చెప్పకపోవడమే కదా నా కొంప ముంచింది! మీరు నోరు విప్పకపోతే తలో మాటా వాళ్లే అల్లుకున్నారు. మీగడలో నీళ్లు కలుపుతున్నానట. ఒకావిడైతే మా ఆవుకేదో రోగమని కూడా అంది."

"బారిత్సా, నా బల్ల ముందు ఈ రభసేంటే? బేరాలు పోతున్నాయి."

"నువ్వు నోర్ముయ్, స్లావిత్సా! నా వాడుక లాక్కున్నది చాలక పైగా బేరాలట, బేరాలు!"

"నేనేం లాక్కున్నా? ఆవిడే వచ్చింది. ఏం కావాలమ్మా అన్నా, ఇచ్చా. రెండో మాట మాట్లాడితే ఒట్టు!"

"అందుకే ఈవిడ దగ్గరకొచ్చా."

"అందుకే అంటే? ఏంటమ్మగారూ, అందుకే అంటే?"

"ఏం లేదు. దారి వదులు."

"వదలను. ఇదిగో, ఈ ముక్క నోట్లో వేసుకోండి. తిని, అందరూ వినేట్టు చెప్పండి. పుల్లగా ఉందా, చప్పగా ఉందా, వాసనొస్తోందా?"

"నాకొద్దు."

"సోమవారం బల్ల ఖాళీ చేస్తానని సంత ఆఫీసులో చెప్పేశానమ్మా. మా అమ్మమ్మ నాటి బల్ల అది! మీరొక్క మాట, బారిత్స జున్ను బాగుందనండి. ఏడిళ్లూ రేపే తిరిగొస్తాయి. లేదూ, బాగాలేదనండి. ఛీ కొట్టండి. పోతా. ఊరికే తలొంచుకు పోతే మాత్రం ఒప్పుకోను."

"బాగుంది. నీ జున్నుకేం, ఎప్పుడూ బాగానే ఉంటుంది. సరేనా? ఇంక వదులు."

"బాగుంటే మరెందుకు మానేశారు?"

"మానేశా. అంతే."

"అంతే, అంతే! నేనేమన్నా తిట్టానా? మిమ్మల్ని కాదని మంచి ముద్ద ఇంకెవరికన్నా ఇచ్చానా?"

"అరవకు, బారిత్సా."

"అరుస్తా! మీతో కాదు, మీ ఆయన ఓటోన్ గారితోనే తేల్చుకుంటా. ఆయన మీలా మాట మింగే మనిషి కాదు. ఆదివారం పూట ముల్లంగీ ఉల్లికాడలూ పక్కన పెట్టుకుని, నా జున్ను తప్ప ఇంకోటి ముట్టరని మీరే చెప్పేవారు. ఇప్పుడే మీ మేడెక్కుతా."

"వద్దు."

"ఎక్కుతా! అయ్యా, మీకు నేనేం అపకారం చేశానని మొహం మీదే అడుగుతా."

"వద్దన్నానా!"

"స్లావిత్సా, నా బల్ల చూస్తూండు. చెప్పండమ్మగారూ, అయ్యగారు ఇంట్లోనే ఉన్నారా?"

"లేరు."

"ఎప్పుడొస్తారు?"

"లేరంటున్నాగా. ఫిబ్రవరిలోనే పోయారు."

"అయ్యో... అమ్మా! ఫిబ్రవరిలోనా? నాలుగు నెలలా? ఇంతమందికి తెలిసే ఉంటుందే, నాకొక్కదానికే ఎందుకు చెప్పలేదమ్మా?"

"అందరికీ తెలుసు. మేడ మీద తెలుసు, చుట్టాలకి తెలుసు, రొట్టెల కొట్లో తెలుసు. నన్ను చూడగానే అందరూ గొంతు తగ్గిస్తారు. నువ్వొక్కదానివే, ఈ వరస ఆ చివర్నుంచి, అయ్యగారెలా ఉన్నారమ్మా అని గొంతు చించుకుని అడిగేదానివి. నేను తలూపి వెళ్లిపోయేదాన్ని. దగ్గరికొస్తే చెప్పాల్సొస్తుందనే నీ బల్ల మానేశా. వారానికోసారి, నీ దగ్గరొక్కచోటే, ఆయన బాగానే ఉండేవారు. చెప్పించావుగా, బారిత్సా. ఇంక ఆయన ఎక్కడా లేరు."