బండి బాత్రూములో నీళ్ళు దిగడంలా

సరే, నేనే చేసుకుంటాలెండి. మీరు ఆ కుర్చీలోనే కూర్చోండి. మణలి ప్లాంటులో బతుకంతా పైపులు విప్పి పైపులు బిగించినోరు మీరు. ఈడ మన వ్యానులో ఇంత బాత్రూములో నీళ్ళు దిగడంలేదంటే స్పానర్ నేను పట్టుకోవాల. బాగుంది. చానా బాగుంది.

కాలు కొంచం తియ్యండి. బక్కెట్టు పెట్టాల.

మధ్యాన్నానికి ప్రేమ్‌నాథ్ వచ్చేస్తాడు. షోళింగనల్లూరు నుంచి మన మాధవరానికి రావాలంటే ఆదివారమైనా ట్రాఫిక్కే గదా, పావం. భార్య జెబని, పిల్లల్ని కూడా పిలుచుకోని వస్తానన్నాడు. పోయిన వారం ఏమన్నాడు? ‘ఆంటీ, బండి మాకు నచ్చింది. ఆ షవర్ ఒకటే. తిప్పితే నీళ్ళు పాదం మునిగేదాకా నిలబడిపోతా ఉండాయి. అది సరిచేసి ఇచ్చేయండి, బండి కొనుక్కోని పోతా.’ ఆయన అడిగినదాంట్లో తప్పేముంది చెప్పండి? ఇంట్లో అయితే ఎట్టో సర్దుకుంటాం. బండిలో బాత్రూము అంటే అగ్గిపెట్టె. దాంట్లో నీళ్ళు నిలిస్తే పడుకునే పరుపుదాకా కంపు.

దానికే గదా ప్లంబర్ సెంథిల్‌ని పిలిపించింది. ఆయన వచ్చి, మోకాళ్ళమీద కూర్చోని, స్పానర్ పెట్టినాడో లేదో మీరు పోయి దాన్ని చేతిలోనుంచి లాక్కున్నారు. ‘వద్దు. పో’ అన్నారు. నాతో మాట్లాడి సంవత్సరం అయింది మీరు. ప్లంబర్‌తో మాత్రం వచ్చింది నోరు!

మీ అక్క మంగ వదిన గోడ అవతల నుంచి అంతా చూసింది. సాయంత్రం వచ్చి నా చెవిలో చెప్తా ఉంది. ‘వాసంతీ, ఆ గొట్టాన్ని కదిలించొద్దులే. దాంట్లో బిడ్డ వెంట్రుకలు చిక్కుకోనుంటాయని మా తమ్ముడికి బాధ.’

ఏం వెంట్రుకలు?

ఆమెతో నేనేం అనలా. ఈ బండి వచ్చేనాటికి మన నివేదిత తలమీద వెంట్రుకలు ఎక్కడివి? కీమోతో మొత్తం రాలిపోయినాక గదా బండి వచ్చింది. తలకి పోసుకుంటే చెంబు బోర్లించి కడిగినట్టుండేది. ఆ మాట తనే అనేది. ‘అమ్మా, నాకింక షాంపూ అవసరమే లేదు చూడు’ అని నవ్వేది. వెంట్రుకలు లేవని మీకూ తెలుసు. మరి దేనికి స్పానర్ లాక్కున్నారు?

ఆఁ. చెప్పొద్దులే.

నేనేం తెలియకుండా చెయ్యి పెట్టలేదు. నిన్నట్నుంచి ఒక్కొక్కటే చూసుకుంటా వస్తా ఉండా. మొదట జల్లెడ మూత తీసినా. దానికింద వట్టి సబ్బు జిడ్డు. సోడా ఉప్పేసి, వినిగర్ పోసి, వేడినీళ్ళు కుమ్మరించినా. బుసబుసమని పొంగింది, తగ్గింది. నీళ్ళు మాత్రం ఆడనే ఉండాయి. సరి, వాడిన నీళ్ళు పడే కింది ట్యాంకు నిండిపోయిందేమో అని బండి కిందికి దూరి దాని వాల్వు తిప్పినా. వట్టి ట్యాంకు. చెంబుడు నీళ్ళు కూడా రాలా. అంటే నీళ్ళు ఆడిదాకా పోవడంలా. అడ్డం మధ్యలోనే ఉంది. ఏం, సరిగ్గా చెప్తా ఉండానా?

ముందర టైర్లో గాలి తగ్గితే బండి ఒక పక్కకి ఒరిగి నీళ్ళు మూలకి చేరతాయంట. దానికీ గాలి కొట్టించినా. తరవాత మీ సామాన్ల పెట్టెలోనుంచి పొడుగు స్ప్రింగు తీగ తీసి గొట్టంలో దూర్చినా. మూరెడు పోయింది. ఆడ దేనికో తగిలి కర్రుమనింది. వెంట్రుకలైతే మెత్తగా ఉంటాయి, తీగకి చుట్టుకోని వస్తాయి. ఇది కర్రుమంటా ఉంది. ఇంక గొట్టం విప్పడం తప్ప దారి లేదు.

అబ్బా, ఈ నట్టు ఒకటి. చెయ్యి పట్టడంలా.

అసలు ఈ బండిని నేను వద్దనే అన్నా. నివేదిత కోరింది, మీరు చేయించినారు. పావం, ఏం చూసింది ఆ పిల్ల? ఆఫీసు, ఆఫీసు క్యాబు, కంప్యూటరు. దాని తరవాత నేరుగా ఆస్పత్రి. ‘నాన్నా, నేను ఒక ఊరన్నా ఒళుంగా, సరిగ్గా చూసినానా?’ అని మిమ్మల్నే అడిగింది. నన్ను అడగలా. డాక్టరమ్మేమో ఊళ్ళు తిరగొచ్చు గానీ బయట బాత్రూముల్లో కాలు పెట్టకూడదు, ఒంట్లో బలం లేదు, ఏదన్నా అంటుకుంటుంది అనేసింది. మీరు మారు మాట్లాడకుండా పోయి, అంబత్తూరు షెడ్డులో ఒక పాత వ్యాను చూసి, ముందర బాత్రూము కట్టించినారు. బాత్రూము చుట్టూ మిగతా బండి కట్టించినారు. పరుపులు, పొయ్యి అంతా దాని తరవాతే. కూర్చోని పోసుకునేదానికి స్టూలు, పట్టుకోని లేచేదానికి కమ్మీ. ఆ కమ్మీకి గరుకు తగలకూడదని మీరు ఎంతసేపు రుద్దినారో నేను చూసినా.

మరి నా పని ఏంది? వద్దనడం. అది తినొద్దు, దీన్ని తాకొద్దు, మాస్కు తియ్యొద్దు, ఆ పిల్లిని దగ్గరికి రానీయొద్దు. ఎవరో ఒకరు అనాల గదా? మీరు అనరు. ఇంక నేనే.

ఏర్కాడు కొండకి పోయినప్పుడు బాగానే ఉండింది. తరంగంబాడిలోనే వచ్చింది చిక్కు. సవుకు తోపు పక్కన, సముద్రానికి ఎదురుగ్గా ఆపినారు మీరు. కిటికీ తీస్తే అలలే. ‘అమ్మా, సుమ్మా, ఊరికే కాలు తడుపుకోని వచ్చేస్తా’ అనింది. కూడదన్నా. గుండెకి పైన తోలు కింద మందెక్కించే బిళ్ళ ఉంది, పాదాలు చూస్తే పగుళ్ళు, ఆ నీళ్ళల్లో ఏమేం కలుస్తాయో. కూడదంటే కూడదు. ‘మద్రాసులో పుట్టినదాన్ని అమ్మా, సముద్రం నాకు కొత్తా?’ అనింది. నేను కిటికీ మూసేసినా.

అవును, మూసేసినా. మూయకుండా ఏం చేసేది?

పోయిన వారం ప్రేమ్‌నాథ్ కూతురు ఆ కిటికీ పక్క పరుపు ఎక్కి గంతులేసింది. నివేదిత పడుకున్న పరుపు. మీరు లేచి ఇంట్లోకి పోయినారు. నేను నిలబడే చూసినా. నాకేం అనిపించలా. పిల్ల పడిపోతుందేమో, అనుకున్నా. అంతే.

ఆఁ... వదిలింది వదిలింది. బక్కెట్టు ఇటు తొయ్యండి. థూ, ఏం కంపు ఇది!

వెంట్రుకల్లేవు. చెప్పినా గదా.

ఏంది మరి, మట్టా? సిమెంటు మాదిరి పట్టేసింది. ఉండండి, మెట్టుకేసి కొడతా.

ఇసక.

ఇంత ఇసక యాడిది? సబ్బు జిడ్డుతో కలిసి ఎట్టా బిగుసుకుపోయిందో చూడండి. మన వీధి మన్ను నల్లగా ఉంటుంది, ఇది తెల్లగా ఉంది. ఇదిగో, గోరంత గవ్వ. ఇదిగో ఇంకొకటి, పగిలిపోయింది.

ఏమండీ.

ఇటు చూడండి. నేల కాదు, నన్ను చూడండి.

తీసుకోని పోయినారా?

తరంగంబాడిలో ఆ మర్నాడు తెల్లారే గదా? నేను నిద్ర మాత్ర వేసుకోని పడుకున్నా. లేచేటప్పటికి లోపల నీళ్ళ చప్పుడు. ‘ఇంత పొద్దున్నే ఏం స్నానమే’ అంటే ‘ఉక్కపోసింది అమ్మా’ అనింది. మీరేమో నా ముఖం చూడకుండా, పాలు సరిపోవు, తెస్తా అని నడిచి పోయినారు. ఆ పూట ఆమె రెండు దోసెలు జాస్తి తినింది. నేనేమనుకున్నా? కొత్త మందు పనిచేస్తా ఉందనుకున్నా. మంగ వదినకి ఫోను చేసి మరీ చెప్పినా, ‘మందు పట్టింది వదినా, ముఖంలో కళ వచ్చింది’ అని.

మందంట.

ఇంటికొచ్చినాక జ్వరం. ఆస్పత్రికి పోయింది, ఇంక రాలా.

అందుకేనా మీరు నోరు మూసుకున్నది? సముద్రం వల్లనే అనుకుంటా ఉండారా? ఇన్నాళ్ళుగా? ఈ ఇసక బయటపడితే నేనేమంటానో అని సెంథిల్‌ని తరిమేసినారా?

వినండి. నేను డాక్టరమ్మని అడిగినా. ఊరికి పిలుచుకోని పోయినాం, ఆడేమన్నా అంటుకుందా అని. మీరు అప్పుడు కింద మందుల కొట్టు కాడ ఉండారు. పరీక్షలన్నీ చూసే చెప్పింది ఆమె. బయట నుంచి అంటింది ఏం లేదంట. జబ్బే తిరగబడిందంట. ఇంట్లో గాజుపెట్టెలో పెట్టి మూసున్నా అదే అయ్యుండేదంట. మీరు అడగలా, నేను చెప్పలా. దానికి పెద్ద కారణమేం లేదు. ఆ రోజుల్లో మనిద్దరం ఒకరికొకరం ఏం చెప్పుకున్నాం గనక?

ఏడుస్తా ఉండారా?

ఏడవండి. మంచిదే. ఒకరికన్నా రానీ. నాకు రావడంలా. ఆస్పత్రిలో రాలా, ఆడ కాటికాడ మీ వాళ్ళంతా నా ముఖమే చూస్తా ఉంటే కూడా రాలా. ఇప్పుడు చూడండి, న్యాయంగా నాకు కోపం రావాల. ఈ బక్కెట్టు ఎత్తి విసిరెయ్యాల. వస్తుందేమో అని ఇసక చేతిలో పట్టుకోని కూర్చోనుండా. ఏం లేదు. చెయ్యి తడిగా ఉంది.

ఎంత లోపలికి పోయింది? మాట్లాడలేకపోతే చేత్తో చూపించండి. మోకాళ్ళదాకానా?

ఇంకా పైనా? అయ్యో దేవుడా, నడుందాకానా! ఆ బిళ్ళ తడిసిందా? లేదా. సరి. మీరు పట్టుకోనుంటారు. టోపీ పెట్టుకోనుందా? తీసేసిందా? బోడి తలతోనా, అందరి ముందర? ఎవరూ లేరా. సరి సరి.

నవ్విందా?

ఊఁ.

అట్టా చూడొద్దండి దాన్ని. డబ్బాలో పోసి దాచుకుందామంటే ఇది సముద్రం వాసన కొట్టడంలా, మురుక్కాలవ వాసన కొడతా ఉంది. గేటు బయట పోసేద్దాం. ఇదిగో, మీరే పొయ్యండి. నాకు గొట్టం బిగించే పని ఉంది.

పోసేసినారా? సరి. ఇప్పుడు ఆ కుళాయి తిప్పండి. ఇంకొంచం. దిగతా ఉండాయి చూడండి, గుడగుడమని. జెబ సంతోషపడుతుంది. ఆ పిల్లల్ని ఏ బీచికన్నా తీసుకోనిపోయి వచ్చి, ఈడనే నిలబెట్టి కాళ్ళు కడుగుతుంది. కడగనీ. కింద జల్లెడ మూత ఊడదీయొద్దని మాత్రం చెప్పాల.

గేటు కాడ హారన్. వాళ్ళే అయ్యుంటారు. ముఖం కడుక్కోండి.

ఒకటే చెప్తానండి, మళ్ళీ ఈ మాట ఎత్తను. నన్ను లేపుండొచ్చు గదా. నేనూ ఆడనే ఉండా, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో. మీరిద్దరూ చెప్పులు చేత్తో పట్టుకోని, చప్పుడు కాకుండా నన్ను దాటుకోని దిగుంటారు.

లేపితే వద్దనే అనుండేదాన్ని. కచ్చితంగా వద్దనే అనుండేదాన్ని.

అయినా లేపుండొచ్చు.