గుళికల డబ్బాలో నిమ్మగింజ

హవ్యవాహనా, దేవతల ముఖమా! యాగశాలలో ఎంత నియమంగా జ్వలిస్తావో పరదేశీయుని పెరటి పొయ్యిలోనూ అంతే నిష్పక్షపాతంగా జ్వలించే నీకు నమస్కారము. నీవు దహింపలేని ముడులు మనుషుల నడుమ కొన్ని ఉన్నవి. అందులో ఒకదానిని విన్నది విన్నట్లు చెప్పబూనుతున్నాను. నా నాలుకపై నిలిచి మాట తడబడకుండా కాపాడుము.

నెబ్రాస్కాలో ప్లాట్ నది దాపున ఒక చిన్న ఊరు. మే నెల, శుక్రవారం సాయంకాలం. ధాన్యపు గిడ్డంగిలో పనిచేసి, అది మూతపడ్డాక ఇంటి పట్టున ఉంటున్న రాయిస్, కట్టెపొట్టు గుళికలతో మండే తన గ్రిల్లును విప్పి పెరటి గడ్డిలో ముందు వేసుకుని కూర్చున్నాడు. భార్య మార్లిస్ వంటింటి గుమ్మంలో నిలుచున్నది.

"మళ్ళీ దాని ముందు కూర్చున్నావా? పెట్టె సర్దమన్నాను కదా రాయిస్!"

"సర్దుతా. ఇదొక్కటీ చూసి."

"ఇదొక్కటీ అంటే ఏది? రేకులన్నీ ఊడదీశావు. గడ్డి నిండా మసి."

"నిప్పుల గిన్నెలో బూడిద తీశాను. కొవ్వు కారే రేకు గీకాను. లోపల వేడి చూసే పుల్ల ఉంటుందే, దానికి జిడ్డు పడితే అబద్ధాలు చెబుతుంది, దాన్నీ తుడిచాను. అయినా అంటుకోవట్లేదు, మార్లిస్."

"అంటుకోకపోతే పోనీ. పొద్దున్నే బయల్దేరుతున్నాం. ఊళ్ళో లేనివాడికి గ్రిల్లెందుకు?"

"మురికితో వదిలేసి పోతే ఎలుకలు చేరతాయి."

"ఎలుకలు."

"ఆఁ, ఎలుకలు."

"నా మొహం చూసి చెప్పు."

"చేతికి జిడ్డుంది."

"మొహానికి లేదుగా!"

"అబ్బా, ఇలా చూడు. లోపలి మర తిరగట్లేదు. డబ్బాలోంచి గుళికల్ని నిప్పుదాకా నెట్టుకొచ్చేది అదే. అది బిగుసుకుపోతే ఇక ఈ గ్రిల్లు ఒట్టి ఇనప్పెట్టె."

"పోనీలే పాపం. దానికీ విశ్రాంతి కావాలేమో."

"మెషీనుకి విశ్రాంతేమిటే?"

"మనిషికి లేకపోయాక మెషీనుకైనా ఉండాలిగా. రాయిస్, ఒక్క మాట. పుట్టి బుద్ధెరిగాక ఈ మక్కజొన్న చేలు తప్ప నేనేం చూడలేదు. సముద్రం చూస్తానన్నాను. ఆరెగన్‌లో గది కూడా తీసుకున్నాం. కిటికీ తెరిస్తే అలలేనట. కిందటేడు కూడా ఇలాగే పెట్టె సర్దాను, గుర్తుందా?"

"గుర్తుంది."

"ఏమైంది?"

"చర్చి వాళ్ళ విందొచ్చింది."

"వాళ్ళు మాంసం కాల్చిపెట్టమని అడిగితే నువ్వేమన్నావు?"

"వదిలెయ్, మార్లిస్."

"దానికేముంది, తీసుకురండి అన్నావు. ఎవరడిగినా అదే మాట. నిద్రలో కూడా అదే మాట."

"నిద్రలో అనను."

"మొన్న నా తలకింద దిండు లాక్కుని మరీ అన్నావు. దానికేముంది, అక్కడ పెట్టేసి వెళ్ళండి అని."

"పరాచికాలాడకు."

"పరాచికమా? సరే. గ్యారేజీ ఫ్రిజ్‌లో ఏముంది?"

"ఏముంటుంది, బీరు."

"బీరు పక్కన?"

"దోసకాయల ఊరగాయ సీసా."

"సీసా వెనకాల?"

"ఆ గుడ్డముక్క ఇటివ్వు."

"రాయిస్."

"పంది భుజాలు. చిన్నవే."

"చిన్నవే! తలుపు సరిగ్గా మూసుకోవట్లేదు. ఎవరివి?"

"బానీ వాళ్ళవి. పక్కవీధి బానీ క్రౌజ్. వాళ్ళ పిల్లాడు హైస్కూలు దాటాడుగా. రేపు విందు చేస్తున్నారు."

"రేపు."

"రేపు మధ్యాహ్నం. రాత్రంతా సన్నటి వేడి మీద ఉంచితే తెల్లారేసరికి ఎముక దానంతటదే ఊడొస్తుంది. చుట్టి బానీకి ఇచ్చేసి, అటునుంచి అటే..."

"రాత్రంతా నిప్పు కాసినవాడు పొద్దున్న కారు నడుపుతాడట! పక్క రాష్ట్రం వయోమింగ్ రాకముందే గురక పెడతావు."

"నువ్వు నడుపు."

"నేను నడిపితే ఒడ్డున ఆపను. తిన్నగా నీళ్ళలోకే పోనిస్తాను."

"ఆమె అడిగినప్పుడు కుదరదందామనే నోరు తెరిచాను, మార్లిస్. ఒట్టు."

"తెరిస్తే?"

"దానికేముంది అని వచ్చింది."

"నీకీ పనంటే అంత మోజెందుకో నాకు తెలియదు."

"మోజా? మోజంటావా? ఏ చొక్కా తొడుక్కున్నా పొగ కంపు. మాంసం ముట్టడం మానేసి రొట్టె మీద జున్ను పెట్టుకుని తింటున్నాను, చూడట్లేదూ? ఒకరు పట్టుకుపోయేలోపు ఇంకొకరు తెస్తారు. గేటు చప్పుడైతే గుండె జారిపోతోంది. ఒక శనివారం దీపాలార్పేసి పడగ్గదిలో నేలమీద దాక్కున్నాను, నీకు తెలుసా?"

"తెలుసు. పక్కన కూర్చున్నది నేనేగా."

"అయినా మన వీధి డెన్నీ కిటికీ అద్దానికి ముక్కు ఆనించి చెయ్యి ఊపాడు. చేతిలో రెండు కోళ్ళు."

"నువ్వు కిందనుంచే చెయ్యి ఊపావు."

"ఊపకపోతే ఏమనుకుంటాడు?... ఆగు. ఇదేమిటి?"

"ఏది?"

"ఈ డబ్బా అడుగున. గుళికలు చూడు. ఉబ్బి, పొట్టు పొట్టయి, మళ్ళీ సిమెంటులా గడ్డకట్టాయి. ఇదే మరని పట్టేసింది. తడి తగిలితేనే ఇలా అవుతాయి."

"వానేమో."

"వానా? నేల నెర్రెలిచ్చింది. పైగా తొడుగు వేసే ఉంచాను."

"పొగమంచేమో మరి."

"మంచైతే అంతటా పడుతుంది. ఇది నడిమధ్య ఒక్కచోటే. అంచుల్లో గుళికలు పొడిగా గలగలమంటున్నాయి. ఎవరో మూతెత్తి పైనుంచి పోశారు."

"ఎవరు పోస్తారు? ఈ వీధి పిల్లలు మహా అల్లరి."

"ఇటొచ్చి వాసన చూడు."

"నేను చూడను."

"తియ్యగా ఉంది."

"ఆపిల్ చెక్క గుళికలు తియ్యగానే ఉంటాయని నువ్వేగా అందరికీ చెబుతావు."

"ఆపిల్ చెక్కలో నిమ్మగింజ ఉంటుందా?"

"ఏమో, ఉంటుందేమో."

"ఇదిగో, నీ అరచేతిలో పెడుతున్నా. నిమ్మగింజ. ఈ ఊళ్ళో చల్లటి టీలో గింజలు తియ్యకుండా నిమ్మకాయ పిండే మనిషి ఒక్కతే ఉంది."

"గింజలు ఏరుతూ కూర్చుంటే రుచి పోతుంది."

"మార్లిస్!"

"చేతికి అదే దొరికింది! నీళ్ళకని లోపలికెళితే మనసు మారిపోతుందని భయమేసింది. ఫ్రిజ్‌లో ఆ మాంసం చూసొచ్చాను. చేతిలో టీ జగ్గుంది. మూతెత్తాను. పోసేశాను."

"జగ్గంతా?"

"ఒక గ్లాసు మిగిల్చాను. నీకే ఇచ్చాను. తాగి బాగుందన్నావు. కోపమొచ్చిందా? తిట్టు. అలా భుజాలు కదుపుతూ కూర్చోకు. రాయిస్... నవ్వుతున్నావా?"

"ఇంత తేలికని తెలిస్తే నేనే ఎప్పుడో పోసేవాణ్ణి కదే! నేను దేవుడికి దణ్ణాలు పెట్టుకుంటున్నాను, ఈ మర విరిగిపోవాలని. ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద, మార్లిస్, నిజంగా. ఆయన వినలేదు. నీ టీ విన్నది."

"అయితే ఇప్పుడు చెప్పొచ్చుగా? గ్రిల్లు పాడైంది, కుదరదు అని. అబద్ధం కూడా కాదు."

"చెబుతాను."

"చెప్పి చూపించు. నేను బానీని. రాయిస్ గారూ, రేపటికి సిద్ధమేనా?"

"దానికేము..."

"రాయిస్!"

"ఆగాగు. మళ్ళీ అడుగు."

"రాయిస్ గారూ, రేపటికి సిద్ధమేనా?"

"కుదరదు."

"గడ్డికి కాదు, నాకు చెప్పు."

"కుదరదు, బానీ."

"అబ్బ! ఆ మాట నీ నోట ఎంత ముచ్చటగా ఉందో."

"ష్... గేటు."

"ఏ గేటు?"

"మన గేటే. చప్పుడైంది. లోపలికి పోదామా?"

"కదిలావంటే చూడు!"

"మార్లిస్ గారూ! రాయిస్ గారూ! నేనండీ, బానీని. మాంసం మీద పూసే సాస్ తెచ్చాను. అయ్యయ్యో, ఇదేమిటండీ, గ్రిల్లంతా ఊడదీశారు?"

"రా తల్లీ, బానీ. ఇలా కూర్చో. రాయిస్ నీతో ఒక మాట చెప్పాలంటున్నాడు."

"నువ్వు చెప్పు, మార్లిస్."

"నీ నోటితోనే చెప్పు."

"బానీ... అది... రేపు మీ ఇంటికి ఎంతమంది వస్తున్నారు?"

"రాయిస్!"

"కుదరదు, బానీ! మర బిగుసుకుపోయింది. రేపు కాల్చలేను. బాగుపడినా కాల్చను. మేం సముద్రం చూడ్డానికి పోతున్నాం. నీ మాంసం ఫ్రిజ్‌లో ఉంది, పట్టుకుపో. వచ్చే శనివారమూ వద్దు. ఆ పై శనివారమూ వద్దు."

"అయ్యో తల్లీ, బానీ, ఏడుస్తున్నావా? చూశావా రాయిస్, కాస్త మెల్లగా చెప్పకూడదూ!"

"ఏడుపు కాదండీ, నవ్వాగట్లేదు. దేవుడి దయ! ఏమీ అనుకోకండి రాయిస్ గారూ, మా వాడు నెల రోజులుగా ఒకటే గొడవ. నా విందుకి పిజ్జా పెట్టమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా అని."

"పిజ్జానా? మరి మాంసమెందుకు తెచ్చావు?"

"తేకపోతే ఎలాగండీ? ఈ వారం మా వంతు కదా."

"వంతా? ఏం వంతు?"

"బానీ, ఆ సాస్ లోపల పెట్టేసి రామ్మా. ఎండకి పాడవుతుంది."

"కిందటివారం డెన్నీ వాళ్ళ వంతు. వాళ్ళ కుక్క కూడా ఇప్పుడు కాల్చిన మాంసం ముట్టుకోవట్లేదట. అంతకుముందు చర్చి వాళ్ళది..."

"బానీ!"

"నువ్వాగు, మార్లిస్. వంతులేమిటి? ఎవరు వేశారు వంతులు?"

"మార్లిస్ గారూ... చెప్పెయ్యనా? ఇక నావల్ల కాదండీ. రాయిస్ గారూ, గిడ్డంగి మూసేసినప్పుడు మీరు ఆ చలికాలమంతా పరదాలు దించుకుని కుర్చీలోంచి లేవలేదు కదా. అప్పుడీవిడ మంచులో ఇల్లిల్లూ తిరిగారు. ఏదో ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టండి, కాల్చిపెట్టమని అడగండి, ఆయన్ని ఖాళీగా ఉంచకండి అని బతిమాలారు."

"మార్లిస్?"

"నాతో మాట్లాడటం మానేశావు, రాయిస్. పిలిస్తే గోడకేసి చూసేవాడివి. నేనేం చెయ్యను? డెన్నీ కోడిని తెచ్చిన రోజే నువ్వు మళ్ళీ బూట్లు తొడుక్కున్నావు. ఆ బూట్ల చప్పుడు విని వంటింట్లో కూలబడి ఏడ్చాను."

"మరి ఆపమని వాళ్ళకో మాట చెబితే పోయేదిగా! ఈ టీ పొయ్యడమెందుకు?"

"ఎన్నిసార్లు వాళ్ళ గుమ్మాలదాకా వెళ్ళానో! తలుపు తట్టబోతే ఆ కుర్చీ కళ్ళకి కట్టేది. వెనక్కి వచ్చేసేదాన్ని. ఈ పని పోతే నువ్వు మళ్ళీ అందులో..."

"మేమూ అడగలేకపోయామండీ. నేను చాలు అనేదాకా ఆపకండి అన్నారీవిడ. ఇప్పటికీ అనలేదు."

"బానీ."

"చెప్పండి, రాయిస్ గారూ."

"నీ మాంసంతోపాటు ముందుగదిలో ఆ కుర్చీ కూడా పట్టుకుపో, తల్లీ. అది ఇంట్లో ఉన్నంతకాలం ఈవిడ నోట ఆ మాట రాదు."

"కుర్చీనా! మా ఇంట్లో చోటెక్కడుందండీ, ఇప్పటికే... మార్లిస్ గారూ, మీరేమంటారు?"

"చాలు, బానీ. ఇక చాలు."

"అలాగైతే దానికేముందండీ, కుర్చీకి అటుపక్క పట్టండి."

ఈ కథ విన్నవారి పొయ్యిలో నిప్పు వేళకు రగులుగాక, వేళకు చల్లారుగాక. ప్రేమతో వేసిన ముడులు ప్రేమతోనే వీడుగాక. చాలు అనదగిన చోట ఆ మాట అనే ధైర్యమును అగ్నిదేవుడు మీ అందరి నాలుకలకు అనుగ్రహించుగాక. స్వస్తి.