పాఠం లేని పరీక్ష

ముప్పై నాలుగేళ్ళ క్రితం జూలై మూడో తేదీ, సోమవారం ఉదయం, పరీక్షా పత్రాల పరిశీలన విభాగంలో ఆవిడ సహాయ పరిశీలకురాలిగా చేరారు. కుర్చీ ఖాళీ లేక మొదటి వారమంతా జవాబు పత్రాల కట్టల మధ్య ముక్కాలిపీట మీదే గడిపారు. పిల్లలకు పెట్టే పరీక్షకు ముందుగా పరీక్ష పెట్టడం ఆ విభాగం పని. అది పిల్లల చదువునే కొలుస్తోందా, మరి దేన్నైనా కొలుస్తోందా అని తేల్చి, దాని కింద సంతకం చేయాలి. సంతకానికి ముందు ప్రతిసారీ "ఒక్క నిమిషం, ఆగండి" అనడం వల్ల కొద్ది నెలల్లోనే 'ఆగండి మేడం' అన్న పేరు స్థిరపడింది. ఆ పేరు తెలియనట్టే ఆవిడ ఇన్నేళ్ళూ నటించారు.

ఉద్యోగంలో నాలుగో ఏట వ్యాసాల దిద్దుబాటును పరిశీలించే బాధ్యత వచ్చింది. పేరు దాచిన ఒకే జవాబును ఒకే ఉపాధ్యాయుడికి పొద్దున ఒకసారి, భోజనానికి ముందు మరొకసారి ఇచ్చారు. పొద్దున ఏడు మార్కులు పడ్డాయి, ఆకలి వేళకు మూడే. ఆయన తెల్లబోతే, "పిల్ల రాసింది మారలేదండీ, మీ కడుపే మారింది" అన్నారు ఆవిడ. ఆనాటి నుంచి ప్రతి వ్యాసాన్నీ ఇద్దరు దిద్దే పద్ధతి వచ్చింది.

పదో ఏట, పదేళ్ళ పిల్లలు ఎంత బాగా చదివి అర్థం చేసుకుంటారో తెలుసుకునేందుకు స్వయంగా ఒక పరీక్ష తయారుచేశారు. రైలు ప్రయాణం మీద రెండు పేజీల పాఠం, దాని మీద ఇరవై ప్రశ్నలు, అరగంట గడువు. పదికి తక్కువ వచ్చిన పిల్లలను వేరే గదిలో, నెమ్మది తరగతిలో కూర్చోబెట్టేవారు. ఆరేళ్ళపాటు ఆ పరీక్షను అందరూ మెచ్చుకున్నారు.

ఏడో ఏడు అచ్చు యంత్రం దగ్గర పొరపాటు జరిగి, ఒక కట్టలో పాఠం ఉన్న కాగితాలే పడలేదు. అది తెలియక ఒక బడిలో ముప్పై రెండు మంది పిల్లలు ఉత్త ప్రశ్నలకే జవాబులు రాసి ఇచ్చేశారు. మార్కులు వేసిన గుమాస్తా నవ్వుతూ వచ్చాడు.

"మేడం, వీళ్ళకి పాఠమే ఇవ్వలేదు. అయినా సగటున పదమూడు వచ్చాయి! ఇక పాఠమెందుకు, కాగితం దండగ."

ఆవిడ నవ్వలేదు. నెమ్మది తరగతి పిల్లల పాత జవాబులు తెప్పించి చూశారు. చాలామందివి మొదటి ఎనిమిదీ సరైనవే, తక్కినవన్నీ ఖాళీ. మర్నాడే ఒక బడికి వెళ్ళి, ఆ తరగతిలో చివరి వరుసలో కూర్చున్న పిల్లను ఎందుకు ఆపేశావని అడిగారు.

"పాఠం రెండుసార్లు చదివానండీ. ఈలోపు కాగితాలు లాగేసుకున్నారు."

"పరీక్షప్పుడు నీ పక్కన కూర్చున్నమ్మాయి?"

"అది చదవలేదండీ. వాళ్ళ మామయ్య రైల్లో పనిచేస్తాడు, దానికన్నీ తెలుసు."

రైలు సంగతి తెలిసిన పిల్లలు చదవకుండానే గట్టెక్కారు. శ్రద్ధగా చదివిన పిల్లలు గడువు చాలక వెనకబడ్డారు.

అప్పటికి ఆవిడ పదోన్నతి కాగితం విభాగాధిపతి బల్ల మీద ఉంది. జరిగిందంతా ఆవిడ రాసిచ్చిన నివేదికను ఆయన చదివి పక్కన పెట్టారు.

"ఇది మీ పరీక్షేనమ్మా. ఆరేళ్ళుగా ఎవరూ అడగలేదు కదా?"

"అడగాల్సినవాళ్ళకి పదేళ్ళు సార్."

"ఇది పైకి వెళ్తే మీ పదోన్నతి ఆగిపోతుంది."

"ఆగనివ్వండి. ఆ పిల్లలు ఆగిపోయి చాలా రోజులైంది."

ఇంట్లో అత్తగారు మొత్తుకున్నారు. "ఎవరికీ కనబడని మరకని నువ్వే పదిమందికీ చూపిస్తావేంటే?"

"మరక నా చీర మీద కాదత్తయ్యా, ఆ పిల్లల మీద పడింది."

చివరికి పెద్దావిడే, "అయితే ఉతుకు మరి. నీ అన్నం డబ్బా నేను సర్దుతాలే" అన్నారు.

ఆరు వారాలు ఆవిడ బడి బడికీ తిరిగారు. నెమ్మది తరగతుల్లో అప్పటికి మిగిలి ఉన్న రెండు వందల పద్నాలుగు మందినీ ఒక్కొక్కరిగా కూర్చోబెట్టుకుని, గడియారం తీసి సంచిలో పెట్టి, ఎవరికీ తెలియని ఒక కల్పిత జంతువు గురించి రాసిన పేజీ చదివించారు, చదివింది చెప్పించుకున్నారు. వారిలో అరవై ఒక్కరు తడుముకోకుండా చెప్పారు. ఆ అరవై ఒక్కరి పేర్లూ నివేదికలో చేర్చి, తప్పుడు పరీక్ష తయారుచేసింది ఎవరన్న చోట తన పేరే మొదటి పంక్తిలో రాశారు. నెల తిరగకముందే వారంతా తమ తోటివారి గదుల్లోకి తిరిగి వెళ్ళారు. అంతకు ముందరి ఏళ్ళ పిల్లలు బడి దాటిపోయారు. వారి సంఖ్యను కూడా ఆవిడ నివేదికలో దాచలేదు, చీటీ మీద రాసి తన బల్ల సొరుగు లోపలివైపు అంటించుకున్నారు.

పదోన్నతి మరొకరికి వెళ్ళింది, ఆవిడకు అయిదేళ్ళు ఆలస్యంగా వచ్చింది. కొత్తవాళ్ళెవరైనా ఆ సంగతి ఎత్తితే, "పని బోలెడుంది" అని మాట మార్చేవారు. నేడు ఈ కార్యాలయం నుంచి బయటికి వెళ్ళే ప్రతి చదువు పరీక్షనూ ముందు పాఠం లేకుండా ముప్పై మంది పిల్లలకు ఇచ్చి చూస్తున్నారు. వారు నెగ్గితే పరీక్ష ఓడినట్టే.

ఈ నెలాఖరున ఆవిడ ఉద్యోగం నుంచి సెలవు తీసుకుంటున్నారు. చూపూ, మోకాళ్ళూ, మొండితనమూ మూడూ చెక్కుచెదరకుండా, అయినవాళ్ళ నడుమ నిండు ఆరోగ్యంతో ఆవిడ నూరేళ్ళూ వర్ధిల్లాలని సహోద్యోగులందరి ఆకాంక్ష. ఇక్కడి పనిలో ఎక్కడైనా పొరపాటు కనబడితే మాత్రం మొహమాటపడక ఇంటి నుంచే చీటీ రాసి పంపాలి. మొదటి పంక్తిలో మా పేరే రాసుకుని సరిదిద్దుకుంటాం.