కొండమ్మ బరువుకు కోసిన షాఫ్టు

కూసో శ్రావణా, లేతు మిషన్ ఖాళీ అయ్యేదాక నిలవడి ఏంజేస్తవ్. ఇంట్లనే కారు కడుతున్నవా? మంచిగుంది. షాఫ్టు పొట్టిగ జెయ్యాలంటవ్. చేస్తగని, ఈ పనికి నా దగ్గరికొచ్చిన మొదటోడు మంఖాల్ కుర్మన్న. ఆయన పోయి పన్నెండేండ్లాయె, ఆయన పెండ్లాం కొండమ్మ వదినె అంతకుముందే పోయింది. విమానం దిగేటప్పుడు మన రేకులు గడగడమంటయి సూడు, అప్పుడు ఆయన మాటనే ఇన్నట్టుంటది నాకు. ఏం మనిషో. పొలం పని తప్ప ఏం తెల్వదు, అసొంటోడు పాత మారుతి ఇంజను తెచ్చి, పశుల కొట్టంల ఇనుప పైపులు వెల్డింగ్ జేసి రెండు సీట్ల బండి కట్టిండు. ఎందుకంటవా? వదినెకు కిడ్నీలు పాడైనయి, వారానికి రెండుసార్లు దవాఖానకు పోవాలె. ఆళ్ల గల్లీ నాలుగున్నర అడుగులు, ఆటో సుత రాదు. రోడ్డుదాక మంచం మీద మోస్తుంటే ఆమె కొంగుతోని మొఖం కప్పుకుంటుండె. "గడపల ఎక్కాలె, గడపల దిగాలె యాదగిరీ. నా పెండ్లాం ఎవల చేతుల మీద పోవద్దు" అన్నడు. గల్లీల పట్టాలంటే బండి సన్నగుండాలె. సన్నగుండాలంటే ఇంజను కాంచి చక్రానికి పొయ్యే షాఫ్టులు అటు నాలుగు వేళ్లు, ఇటు నాలుగు వేళ్లు కొయ్యాలె.

నేనేమన్న? అన్నా, ఉత్త బండిని కొలవకు, మనుషులు కూసున్నంత బరువు పెట్టి కొలువు అన్న. బండి కిందికి దిగితేనే అసలు కొలత దొరుకుతది. ఆయన కూసున్నడు, పక్క సీట్ల జొన్నల సంచి పెట్టిండు, కాంటా వెట్టి అరవై రెండు కిలోలు. ఎన్నడో కాచిగూడ టేషన్ల వదినె బరువు చూసుకుంటే పడ్డ అట్టముక్క, జేబుల దాసుకున్నడు, అండ్లున్న లెక్క అది. అది ఎన్నటిదని నేను సుత అడగలే. కోసి, అతికిచ్చి, లేతు మీద తిప్పి ఇచ్చిన, ఎంటికంత తేడా లేదు. మొదటి దినం గడపల ఎక్కిచ్చుకొని పోయిండు. తుక్కుగూడ రాకముందే, స్పీడ్ బ్రేకర్ దిగంగనే ఆమె దిక్కు షాఫ్టు ఊడొచ్చింది. పోయి సూస్తే ఆ పక్క బండి పైకి లేసున్నది, షాఫ్టు అందుతలేదు. వదినె అప్పటికి నలభై కిలోలు సుత లేదు మరి.

కొత్తవి తెద్దాం అన్నా, ఇప్పటి బరువుకు కోద్దాం అన్న నేను. "వద్దు. ఇప్పటి బరువుకు కొలిస్తే ఇగ ఇంతేనని నేనే ఒప్పుకున్నట్టైతది. మల్ల ఒళ్లు జేస్తది తియ్" అన్నడు. ఇరవై కిలోల జొన్నలు కట్టి ఆమె కాళ్లకాడ పెట్టిండు. వానకాలమంత గట్లనే తిరిగిండ్రు. దవాఖాన కాంచి వచ్చేటప్పుడు పొద్దుమూకంగ ఎయిర్‌పోర్టు గోడ పొంటి, నిమ్మలంగ, ఎక్కడికీ పోయే పని లేనట్టు. విమానాల దీపాలు ఒకటెనుక ఒకటి దిగుతుంటే ఆమె తల ఎత్తి సూస్తుండె. నాకిప్పటికీ ఆ బండి కలల వస్తది, చప్పుడే ఉండదు దానికి. ఒకదినం గాలి కొట్టిచ్చుకోను ఈడనే ఆగిండ్రు. ఆయన చాయ్‌కు పోయిండు. సంచెందుకు వదినా అని ఎర్కలేనట్టు అడిగిన. నవ్వింది. "మిల్లుకని చెప్తడు మీ అన్న. వారం వారం ఇంత పోస్తనే ఉన్నడు యాదగిరీ, నేను తగ్గుతున్నకొద్ది. నేను సూస్తలేననుకుంటున్నడు. నువ్వు చెప్పకు" అన్నది. నేను చెప్పలే.

జర ఆ షట్టర్ సగం గుంజు శ్రావణా, దుమ్మొస్తున్నది.