తిన్నగా నడిచే మనిషి

ఆ టోపీ వంక అలా చూడకండమ్మా. నలిగిందన్నది నిజమే. నలగ్గొట్టింది నేనే, పొద్దున పదింటికి, కెమెరా ముందు, డైరెక్టరు కూర్చోమన్నచోట కూర్చుని. నాకు మూడు టోపీలున్నాయి. ఒకటి పెట్టుకోవడానికి, ఒకటి పారేసుకోవడానికి, ఒకటి మీద కూర్చోడానికి. ఇవాళ మూడోదాని వంతు. మీరేమో రెండున్నరకి రమ్మన్నారు, వాళ్ళు రెండుంబావుకి వదిలారు. బట్టలు మార్చుకుని వస్తే ఆలస్యమయ్యేది. ఆలస్యంగా వస్తే తాగొచ్చాడంటారు. ఈ వేషంలో వచ్చినా అదే అంటారనుకోండి. కానీ టైముకి వచ్చాను కదా, అది రాసుకోండి.

ఎల్మర్ ఫిప్స్. అవునండీ, అసలు పేరే. యాభై మూడేళ్ళు. పని, సినిమాల్లో వేషాలు. ఏం వేషాలా? మీరు సినిమాలు చూడరా మిస్ గార్వీ? చూస్తారు. నాకు తెలుసు. నేను లోపలికి రాగానే మీ పెదవి చివర ఇలా కదిలింది. పరవాలేదులెండి, ఇరవై రెండేళ్ళుగా అందరికీ అక్కడే కదుల్తోంది.

తాగుబోతు. డెబ్భై ఆరు సినిమాల్లో తాగుబోతు. పెళ్ళిలో తాగుబోతు, ఓడలో తాగుబోతు, లిఫ్టులో తాగుబోతు, హోటలు గదనుకుని సింహం బోనులో పడుకున్న తాగుబోతు. పేరుండదు. కథ కాగితాల్లో 'తాగుబోతు' అని టైపు కొట్టి, పక్కన పెన్సిలుతో 'ఫిప్స్' అని రాసేవాళ్ళు. ఈమధ్య ఆ పెన్సిలు పని కూడా తగ్గించుకున్నారు. 'ఫిప్స్ వచ్చి కుర్చీ మీంచి పడతాడు' అని నేరుగా టైపు కొట్టేస్తున్నారు.

సరే, అసలు సంగతికొస్తాను. మేనకోడల్ని నాకప్పగించమని రాసిచ్చిన మీ కాగితంలో నాలుగో ప్రశ్న. 'దరఖాస్తుదారుకు మద్యం అలవాటు ఉన్నదా?' లేదని రాశాను. దానికింద మీరు ఎర్రగీత గీశారు. ఎందుకండీ? మొత్తం కాగితంలో నేను కొట్టివేతల్లేకుండా రాసిన జవాబు అదొక్కటే.

నేను ముట్టనమ్మా. పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టలేదు. మద్యనిషేధం రోజుల్లో ఈ ఊరు ఊరంతా దొంగచాటుగా తాగుతుంటే నేను మజ్జిగ తాగాను. తెరమీద మీరు చూసే విస్కీ ఉందే, అది చల్లారిన టీ. షాంపేనేమో అల్లం సోడా. ఇన్నేళ్ళూ ఆ చల్లారిన టీ తాగీ తాగీ నాకు కడుపులో మంట. అది మాత్రం అలవాటే, కావాలంటే రాసుకోండి.

మా చెల్లెలు కోరా ఫిబ్రవరిలో పోయింది. న్యుమోనియా. తొమ్మిది రోజుల్లో అంతా అయిపోయింది. మొగుడు అంతకు మూడేళ్ళ ముందే అలాస్కాలో చేపల పనంటూ వెళ్ళాడు, మళ్ళీ అజాపజా లేడు. ఇక హెట్టీకి మిగిలింది నేనే. తొమ్మిదేళ్ళ పిల్ల. మీరు ఊఁ అంటే నా దగ్గరే ఉంటుంది, ఉహూఁ అంటే అనాథాశ్రమానికి పంపుతారు. అంతే కదండీ? నేనేమీ కలిపి చెప్పడంలేదు కదా.

పక్కింటి మిసెస్ ట్వీడీ మీకు అబద్ధం చెప్పిందని నేననను. పొద్దున ఆరింటికి వంటింటి కిటికీలోంచి చూసిందే చెప్పింది. నేను వీధి దీపస్తంభానికి ఎదురెళ్ళి, టోపీ ఎత్తి, 'క్షమించండి మేడమ్, మిమ్మల్ని చూడలేదు' అన్న మాట నిజం. మర్నాడు కూడా అన్నాను. స్తంభానికి ఎన్ని అంగుళాల దూరంలో ఆగితే నవ్వొస్తుందో చూసుకుంటున్నానండీ. ఆరంగుళాలు. ఎనిమిదైతే జాలేస్తుంది. ట్రామెక్కేలోపు సాధన చేసుకుందామని చేశాను. ఆవిడకది పనిలా కనపడదు, ఆవిడ తప్పేముంది?

మళ్ళీ రాస్తున్నారు. నేను మరీ నిటారుగా కూర్చున్నాననా? కాస్త జారగిలపడితే ఇందాక అదీ రాశారు.

మీకొక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి. కొత్త కుర్రాళ్ళు తాగుబోతు వేషమనగానే ఊగుతారు. నిజంగా తాగినవాడు ఊగడమ్మా. ఊగకుండా ఉండటానికి నానా తంటాలూ పడతాడు. గుమ్మం ఎక్కడుందో తనకి బాగా తెలుసన్నట్టు నడుస్తాడు. మాట మాటా విడదీసి మర్యాదగా పలుకుతాడు. నేను తాగలేదయ్యా, నమ్మండయ్యా అని వాడి తాపత్రయం. అది చూసే జనం నవ్వేది. ఇన్నేళ్ళూ నేనమ్ముకున్నది ఆ తాపత్రయమే.

మరి ఇప్పుడు మీ ముందు నేను చేస్తున్నదేమిటి? ఇందాక మీరు గ్లాసుతో నీళ్ళిస్తే ఒలకకూడదని రెండు చేతులా పట్టుకున్నాను. మీరు కలం తీశారు. వేరే ఎలా పట్టుకోవాలో నాకు తట్టలేదు. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

ఇదేం కొత్త కాదులెండి. ఆరేళ్ళ కిందట స్టూడియో పెద్దని నేను కాళ్ళావేళ్ళా పడి బతిమాలితే జడ్జి వేషమిచ్చారు. ఒకే ఒక్క సీను. మంచి జడ్జి, నల్లగౌను, కళ్ళద్దాలు. తీర్పు చదివి సుత్తితో బల్లమీద ఒక్కటి కొట్టాలి. నెలరోజులు అద్దం ముందు చదివాను. గుక్క తిప్పుకోకుండా, చెయ్యి కదలకుండా, అంత బుద్ధిగా ఎవరూ చదివుండరు.

సినిమా విడుదలకి ముందు పక్కనున్న చిన్న ఊళ్ళో ఒకసారి ఆడించి చూస్తారు. అయ్యాక జనానికి కార్డులిచ్చి ఎలా ఉందో రాయమంటారు. అది మావాళ్ళ ఆచారం. నేను వెనక వరసలో కూర్చున్నాను. తెరమీద నేను కనపడగానే ఒకడు నవ్వాడు. కళ్ళద్దాలు సర్దుకునేసరికి హాలంతా నవ్వింది. సుత్తి ఎత్తేసరికి, అది ఎక్కడ పడుతుందోనని ఊపిరి బిగబట్టారు. సరిగ్గా బల్లమీదే పడింది. అప్పుడు చప్పట్లు.

కార్డులు తెచ్చి చూపించారు. 'తాగిన జడ్జి కడుపుబ్బ నవ్వించాడు.' 'జడ్జి తాగొచ్చి తీర్పు చెప్పడం ఏం మర్యాద?' స్టూడియోవాళ్ళు ఆలోచించి, జడ్జి బల్లకింద సీసా పెడుతున్న చెయ్యి ఒకటి విడిగా తీసి అతికించారు. ఆ చెయ్యి కూడా నాది కాదు. ఆ సినిమా డెబ్భై ఆరింట్లో నలభై ఎనిమిదోది.

మీరు నవ్వాపుకోనక్కర్లేదండీ. నవ్వండి. నవ్వి నాలుగో ప్రశ్న దగ్గర గీత మాత్రం చెరిపెయ్యండి.

ఏమిటీ? హెట్టీనా? బళ్ళో అడిగారా?

ఏమంది?

ఊఁ. అలాగే అందా. 'మామయ్య రోజూ సాయంత్రం ఆరింటికి ఇంటికొచ్చి తాళంకన్ను వెతుక్కుంటాడు, కుర్చీ మీంచి పడతాడు, నేను నవ్వుతాను.' పిల్ల అబద్ధం చెప్పదమ్మా. రేపటి వేషం ఇవాళ ఇంట్లో వేసి చూసుకుంటాను. కోరా పోయి పిల్ల నా దగ్గరికొచ్చినప్పట్నించీ ఇంట్లో ఒకటే నిశ్శబ్దం, పిల్లకి కాస్త సరదాగా ఉంటుంది కదా అని కూడా అనుకున్నాను. అది అటక గదికెళ్ళే మెట్లమీద కూర్చుని చూసేది. మూడో మెట్టు. బాగా నవ్వేది. ఎక్కడ నవ్వాలో అక్కడ.

ఎక్కడ నేర్చుకున్నానా? ఎవరూ అడగలేదండీ ఈ మాట, ఇన్నేళ్ళలో. పత్రికలవాళ్ళు కూడా ఎన్ని గ్లాసులు పడతాయనే అడిగారు.

మా సొంతూరు టొలీడోలో. మా నాన్న దగ్గర.

గాజు కార్ఖానాలో పని ఆయనకి. చెయ్యి వణక్కూడని పని. పగలంతా వణకనిచ్చేవాడు కాదు. సాయంత్రం ఆరింటికి వచ్చేవాడు. తాళంకన్ను వెతుక్కునేవాడు. లోపలికొచ్చి టోపీ తగిలించే కొయ్యకి 'శుభ సాయంత్రమండీ' అనేవాడు. నేనూ కోరా మేడమెట్ల మీద కూర్చుని ఉండేవాళ్ళం. మేం నవ్వితే తనేదో తమాషా చేశాననుకుని వంగి దణ్ణం పెట్టేవాడు, ఆ పూటకి గండం గడిచేది. నవ్వకపోతే బెల్టు తీసేవాడు. ముందు నవ్వినా తీసేవాడు, ఆలస్యంగా నవ్వినా తీసేవాడు. సమయం కుదరాలి. కోరాకి బాగా కుదిరేది. నాకు ఒక్కోసారి తప్పేది.

మేం ఆయన మొహం చూసేవాళ్ళం కాదు. చేతులు చూసేవాళ్ళం. చెయ్యి టోపీ దగ్గరుంటే పరవాలేదు. నడుం దగ్గరికి పోతే మాత్రం బెల్టే.

ఆయనలా కాకూడదని నేను చుక్క ముట్టలేదు. కానీ కడుపుకింత తిండి కావాలంటే నాకు వచ్చిన విద్య అదొక్కటే. జనం డెబ్భై ఆరుసార్లు మా నాన్నని చూసి నవ్వారు. నాకదొక తృప్తి, దాచుకోవడమెందుకు. ఆయన్ని చూసి వేలమంది నవ్వుతారు, ఒక్కరికీ బెల్టు దెబ్బ తగలదు.

ఇది చెప్పకూడదనుకునే వచ్చానమ్మా. నాకు వేషాలిప్పించే ఏజెంటు కూడా నోరు మూసుకోమన్నాడు.

పోయిన సోమవారం తాళంకన్ను వెతుకుతూ లోపలికొచ్చి, కొయ్యకి టోపీ తగిలించబోతూ వెనక్కి తిరిగాను. హెట్టీ నవ్వుతోంది. సరిగ్గా నవ్వాల్సిన క్షణానికి నవ్వుతోంది. కళ్ళు మాత్రం నా మొహం మీద లేవు. నా చేతులమీదున్నాయి.

నేను ఊరికే చూద్దామని చేతిని నడుం దగ్గరికి తీసుకెళ్ళాను. పిల్ల నవ్వు ఆపలేదు. ఇంకా గట్టిగా నవ్వింది. ఒక మెట్టు పైకి జరిగి మరీ నవ్వింది.

కోరా మొగుడు ఎలాంటివాడో కోరా చెప్పలేదు. నేనడగలేదు. ఉత్తరాల్లో అంతా బాగానే ఉందని రాసేది. నేను నమ్మడం సుఖమని నమ్మాను. దాని ఇంట్లోనూ మెట్లు ఉండేవని నాకు తోచలేదు.

కాబట్టి నాలుగో ప్రశ్నకి నేను రాసింది నిజమే మిస్ గార్వీ. తాగను. ఇంట్లో సీసా లేదు. కానీ మూడు నెలలపాటు రోజూ ఆరింటికి, కాలు జారకుండా, చెయ్యి వణక్కుండా, మా నాన్నని వెంటబెట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. ఆ పిల్ల ముందుకి. మీ కాగితంలో దానికి ప్రశ్న లేదు. ఉంటే అవునని రాసేవాణ్ణి.

ఆ తర్వాతా? మంగళవారం తలుపు తట్టాను. అది తీసింది. టోపీ తగిలించాను, కుర్చీలో కూర్చున్నాను. అది మెట్టు మీంచి చూస్తూనే ఉంది. పావుగంట అయ్యాక 'అయిపోయిందా మామయ్యా?' అంది. 'అయిపోయిందమ్మా' అన్నాను. 'రేపో?' అంది. 'రేపు కూడా అయిపోయింది' అన్నాను. కిందికి దిగొచ్చి బీన్సు సూపు రెండుసార్లు వేయించుకుని తింది. ఫిబ్రవరి నించీ గిన్నె సగంలో వదిలేసే పిల్లమ్మా అది.

ఇప్పుడు సాధన ట్రామ్‌షెడ్డు వెనకాల చేసుకుంటున్నాను. అక్కడి కావలివాడు నామీద ఫిర్యాదు చేశాడు. అది రేపో ఎల్లుండో మీదాకా వస్తుంది, అందుకే ముందే చెప్తున్నాను.

ఇంక మీ ఇష్టం. కలం మీ చేతిలో ఉంది. పిల్లని నాకివ్వొద్దనిపిస్తే ఇవ్వొద్దని రాయండి, కానీ ఆశ్రమంలో దాని మంచం మెట్లకి దూరంగా వెయ్యమనండి. ఇవ్వొచ్చనిపిస్తే ఆరింటిలోపు కబురు పెట్టండి. నేను ఆరింటికి తలుపు తట్టాలి.

ఇక లేస్తాను. గుమ్మం అదే కదా. ఎనిమిదడుగులు. ఒక్క ఉపకారం చెయ్యండి మిస్ గార్వీ. నేను గుమ్మం దాటేదాకా తలొంచుకుని మీ కాగితాలు చూసుకోండి. మీరు చూస్తుంటే నేను తిన్నగా నడవడానికి ప్రయత్నిస్తాను.