కారని పంపు

కోరుట్ల బస్టాండు ఎదురుంగ బుర్హానుద్దీన్ చాయ్ హోటల్ల చిన్నయ్య కూసున్నడంటే, చాయ్ తాగి పోదామని ఆగినోడు బస్సు పోగొట్టుకునుడు ఖాయం. మస్కట్ నుంచి అచ్చి నెల గూడ గాలే, ఆయిన ముచ్చట్లకు అప్పుడే ఒక బల్ల ఆయిన పేరు మీద పడ్డది.

ఆ పొద్దుగాల సత్యవ్వ గూడ ఆ బల్ల కాడికే అచ్చింది. పసుపు చేనుకు ఈపుకేసుకొని మందు కొట్టే చార్జింగ్ పంపు కారి ఈపు మండుతున్నదని, ఏడ కారుతున్నదో చూపెట్టనీకి నీళ్లు నింపి రిపేరు దుకాణానికి తెచ్చింది. దుకాణం ఇంకా తెరువలే. నిజం జెప్పాల్నంటే పంపు ఒక సాకు. ఆమె పెనిమిటి భూమయ్య, చిన్నయ్యకు చిన్నాయిన కొడుకు. చిన్నయ్య పనిచేసిన మస్కట్ ఖర్జూర తోటలనే ఉన్నడు, అగ్రిమెంటు గడువు ఒడువవట్టె. "ఉండాల్నా, రావాల్నా, నువ్వే జెప్పు" అని ఫోన్ల ఒకటే అడుగుతున్నడు. ఆడ ఎట్లున్నదంటే "మంచిగనే ఉన్నది" అంటడు, ఇంకో మాట రాదు. వీడియో కాల్ జెయ్యమంటే నెట్టు లేదంటడు. ఇయ్యాల ఆమె జవాబు జెప్పాలె. ఆ తోటను కండ్లార చూసినోడు చిన్నయ్య బావ ఒక్కడే.

"బావా, ఆడ మందు కొట్టే పంపులు ఎట్లుంటయి? కారుతయా?" అని అడిగింది.

గంతే. చిన్నయ్య చాయ్ గ్లాసు కింద వెట్టి మీసం దువ్విండు.

"అబద్ధమెందుకు సత్తెవ్వా, నేను పోయిన కొత్తల కారేటియి. మూత కాడ కారు, పైపు కాడ కారు, నిలవడితె కారు, వంగితె మరింత కారు. ఒకనాడు నేను సైకిల్ ట్యూబు ముక్క గుండ్రంగ గోసి వాషర్ లెక్క ఏసిన. కారుడు బందయ్యింది. పెద్ద పనేం గాదు."

గింత దాక నమ్మచ్చు. సత్యవ్వ నమ్మింది గూడ, పానం జర నిమ్మలమైంది.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? గా వాషర్ మా అర్బాబ్ చూసిండు. అర్బాబ్ అంటే తోట సేటు. చూసి, జపాన్ నుంచి ఇంజినీర్లను పిలిపిచ్చిండు. ఆళ్లు నా ట్యూబు ముక్కను అద్దాల పెట్టెల వెట్టి చుట్టు తిరిగిన్రు, తిరిగి తిరిగి, 'చిన్నయ్య సాబ్, ఇది మాతోని గాదు, పంపు మొత్తం నువ్వే గియ్యి' అని పెన్సిల్ నా చేతుల వెట్టిన్రు. గీసిన. బరువు ఈపుకు తెలువద్దని గీసిన. ఎంత తెలువదంటే, ఒకాయిన పంపు ఏసుకున్న సంగతే మరిచి తానం జేసిండు, పండుకున్నడు, లేచి సుట్టీకి ఇంటికి పోయిండు. ఎయిర్‌పోర్టుల ఇప్పిచ్చిన్రు."

"మరి లీకు?" అన్నడు ఆటో రాజేందర్. ఆయిన ఆటోల ప్యాసింజర్లు ఎప్పుడో దిగి ఇంకో ఆటో ఎక్కిన్రు.

"లీకా? ఆడ అన్నిటికంటె ఎత్తు బిల్డింగు మీదికెంచి ఇసిరేసి చూసినం. కింద రోడ్డు కారింది గని పంపు కారలే."

"రోడ్డు ఎట్ల కారుతదన్నా?"

"పంపు పడ్డకాడ నల్లా పైపు వలిగింది గద."

బుర్హానుద్దీన్ పాలు పొంగుతున్నా చూస్తలేడు. చిన్నయ్య మొఖంల మాత్రం నవ్వు అన్నదే లేదు.

"ఇగ నడుపుడు సంగతి. బటన్లు ఒత్తుడు, చెవులు తిప్పుడు ఎందుకని మాటతోని నడిచేటట్టు జేసిన. 'కొట్టు' అంటె కొడుతది, 'బందువెట్టు' అంటె బందువెడుతది. గని గీసింది నేనాయె, దానికి మన కోరుట్ల మాట ఒక్కటే అచ్చింది. తోటల అన్ని దేశాలోళ్లు మన మాట నేర్చుకున్నరు. ఒక గుంటూరాయన అచ్చి 'ఆపండి, దయచేసి ఆపండి' అని మొత్తుకున్నడు. అది ఆగుతదా? 'జర బందువెట్టరాదె' అన్నంకనే ఆగింది."

"అరె వా! ఉర్దూ గూడ రాదా భాయ్ దానికి?" అన్నడు బుర్హానుద్దీన్.

"సమజైతది భాయ్. జవాబియ్యదు."

"ఆహా!"

"ఇగ ఒకనాడు ఏమైందో ఎరుకేనా? అర్బాబ్‌కు డ్రైవర్ మీద కోపమచ్చి, ఆయినకు గూడ మన మాట అలువాటైంది గద, 'కొట్టు!' అని ఒర్రిండు. తోటల ఉన్న పంపులన్ని ఒక్కపారి కొట్టినయి. గప్పుడే ఇసుక తుఫాను అస్తున్నది, గా మందు దెబ్బకు ఎనుకకు మర్రి పక్క దేశంల పడ్డది. ఆళ్ల మంత్రి అచ్చి మా తోటల పంచాయితి వెట్టిండు. మరో దినం కరెంటు పోతె నా పంపు ఒక్కదాని బ్యాటరీతోని మస్కట్ పట్నమంత ఎలిగింది. ఆ ఎలుగుల పెండ్లిళ్లు గూడ అయినయి, కావాల్నంటె అడుగున్రి."

"గంత గొప్పపని ఇడిసిపెట్టి ఎందుకచ్చినవన్నా మరి?" అన్నడు రాజేందర్.

"నేను పోతనంటె అర్బాబ్ ఏడ్చిండు తమ్మీ. నేనున్నన్ని దినాలు గా తోటల కారిన నీళ్లంటె గవ్వే."

హోటలంత ఘొల్లుమన్నది. సత్యవ్వ నవ్వలే. తను మొగని సంగతి తెలుసుకుందామని అస్తే ఈయన తుఫాన్లు మర్రేస్తున్నడు. లేచి, కారుతున్న పంపును తెచ్చి బల్ల మీద వెట్టింది. నీళ్లు చిన్నయ్య కాళ్ల మీద పడవట్టినయి.

"దీనికి జెప్పు బావా. బందువెట్టుమను."

చిన్నయ్య పంపు దిక్కు అటుమర్రి ఇటుమర్రి చూసిండు. "ఇది చైనాది సత్తెవ్వా. దీనికి తెలుగు రాదు."

మల్ల నవ్వులు. చిన్నయ్య తప్పిచ్చుకున్న అనుకున్నడు.

"సరే," అన్నది సత్యవ్వ. "నువ్వు అచ్చినంక నీ పంపు ఎవలికిచ్చిన్రు?"

"భూమయ్యకే ఇచ్చిన్రు," అన్నడు చిన్నయ్య, ముందు ఎనుక ఆలోచించకుంట.

"అది కారదు గద?"

"కారదు."

"ఒక్క సుక్క గూడ?"

"ఒక్క సుక్క గూడ."

"అయితె అంగి జర ఎనుకకెంచి లేపు బావా. కారని పంపు మోసిన ఈపు ఎట్లుంటదో చూస్త."

"లేపన్నా, ఏమైతది!" అన్నడు రాజేందర్ ఇంకా నవ్వుకుంటనే.

చిన్నయ్య చెయ్యి అంగి అంచు దాక పోయింది. ఆడనే ఆగింది. మల్ల మెల్లగ గ్లాసు అందుకున్నడు. అండ్ల చాయ్ లేదు, అయినా ఒక గుటిక తాగిండు.

"సలి వెడుతున్నది సత్తెవ్వా," అన్నడు.

బయట ఎండ మండుతున్నది. చిన్నయ్య మెడ మీద చెమట కారుతున్నది. రాజేందర్ నవ్వు బందు జేసిండు. బుర్హానుద్దీన్ పొయ్యి దిక్కు మర్రి పాలు కలుపుకుంట నిలవడ్డడు.

సత్యవ్వ పంపును బల్ల మీదికెంచి కిందికి దించింది. కొంగుతోని చేతులు తుడుచుకొని ఫోన్ తీసి భూమయ్యకు కలిపింది.

"ఏం జెయ్యమంటవ్?" అన్నడు భూమయ్య ఎత్తుతనే.

"అచ్చెయ్."

"ఏమైంది? ఎవలన్న ఏమన్న జెప్పిన్రా?"

"చిన్నయ్య బావ జెప్పిండు. అంత జెప్పిండు, ఏం దాపెట్టలే."

ఆడ భూమయ్య గొంతు తగ్గిచ్చిండు.

"ఈపు గూడ జూపిచ్చిండా?" అన్నడు.